ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు: మన నిద్రకూ ఒక చరిత్ర ఉంది



పోస్టు కొంచెం పొడుగే. రాత్రి పదకొండు దాటినంక కనబడితే ఇప్పుడు చదవకండి, పొద్దున చదవండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తది.

హన్మకొండలో రూములు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే మనోళ్లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఒకటే: "రోజుకు ఎన్ని గంటలు చదువుతున్నవ్?" ఎన్ని గంటలు పండుకుంటున్నవ్ అని ఎవరూ అడగరు. ఎవరన్నా అడిగితే "నాలుగు గంటలే" అని గర్వంగా చెప్తం. ఏడెనిమిది గంటలు పండుకున్నోడు ఆ మాట బయటికి చెప్పడానికి సిగ్గుపడతడు.

నేనూ అట్ల గొప్పలు చెప్పినోణ్నే. ఒక పరీక్షకు ముందు రెండు నెలలు రాత్రి రెండింటి దాకా చదివి పొద్దున ఆరింటికి లేచిన. పరీక్ష హాల్లో పేపర్ చేతికొచ్చింది. ప్రశ్న చూస్తే పుస్తకంలో ఏ పేజీలో, ఏ మూలన ఉందో గుర్తొస్తున్నది, జవాబు మాత్రం గుర్తొస్తలేదు. ఒకే ప్రశ్నను నాలుగుసార్లు చదివిన. మధ్యలో కళ్లు మూతలు పడ్డయి. ఇంటికి పోయి మా తాతకు చెప్పుకుంటే ఆయన నవ్వి ఒకటే మాట అన్నడు: "చేను కాసేటోడు కూడా వంతులేసుకుని పండుకుంటడు బిడ్డా. నువ్వు ఎవరి చేను కాస్తున్నవ్?"

ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది: నిద్ర మన బద్ధకం కాదు. తరతరాలుగా మన దగ్గర్నుంచి ఎవరో ఒకరు గుంజుకున్న ఆస్తి అది. భూమికి, అడవికి చరిత్ర ఉన్నట్టే మన నిద్రకూ చరిత్ర ఉంది.

ఆకాశంలో ఒక మంచం

బడి పుస్తకాలు సప్తర్షి మండలం అని చెప్పే ఏడు చుక్కలను ఆదిలాబాద్ గోండు పెద్దలు మంచంగా చూస్తరు. నలుచదరంగా ఉన్న నాలుగు చుక్కలు ఒక ముసలమ్మ మంచం. వెనక తోకలా ఉన్న మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకపోవడానికి వచ్చిన ముగ్గురు దొంగలు. రాత్రంతా ఆ మంచం ఆకాశంలో తిరుగుతనే ఉంటది, దొంగలు దాని వెంటే ఉంటరు.

కథ చిన్నదే. కానీ మన చరిత్ర చదువుతుంటే ఆ ముగ్గురు దొంగలు నాకు ఆకాశంలో కాదు, నేల మీద కనబడ్డరు. వాళ్లను ఒక్కొక్కరినే చూద్దాం. దానికి ముందు, దొంగలు రాకముందు మన రాత్రి ఎట్లుండేదో చూడాలె.

గూడెం రాత్రి

"పాతకాలంలో మనోళ్లు హాయిగా పండుకునేటోళ్లు" అని రాస్తే అది అబద్ధమైతది. జొన్న కంకి పాలు పట్టిందంటే రాత్రి మంచె ఎక్కాలె, లేకపోతే అడవి పందులు ఒక్క రాత్రిలో ఏడాది తిండి తొక్కుతయి. వానకాలం దోమలు, చలికాలం చలి. చలికి నెగడు పక్కన ముడుచుకుని పండుకునుడే. నిద్ర ముక్కలు ముక్కలుగానే ఉండేది.

అయినా దానికొక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిని అడవే నడిపేది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతది, ఎండ ముదరకముందే ఏరుకోవాలె, అందుకే ఎండాకాలం చీకటితోనే లేచేటోళ్లు. తునికాకు కోతకూ అంతే. తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చి, నీడన కూసుని ఆకులు లెక్కబెట్టి కట్టలు కట్టి, పొద్దుగూకేసరికి కల్లానికి చేర్చాలె. మధ్యలో ఒక కునుకు. రాత్రి మంచె మీద ఒకరు మేలుకుంటే ఇంకొకరు పండుకునేటోళ్లు. రాత్రంతా కాసినోడు మధ్యాహ్నం చెట్టు కింద నడుం వాల్చేటోడు. పోయిన నిద్రను ఎక్కడో ఒకచోట తిరిగి తెచ్చుకునే వీలు ఉండేది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కాదు. 2015లో పరిశోధకులు మూడు ఆదివాసీ సమాజాల నిద్రను కొలిచిన్రు: టాంజానియాలో హడ్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో చిమానే. కరెంటు లేని ఊళ్లు అవి. పొద్దుగూకంగనే పండుకుంటరు అనుకుంటం కదా. కాదు, సగటున మూడు గంటల పైనే మేలుకుని ముచ్చట్లు పెట్టుకుని పండుకుంటున్నరు, ఎక్కువగా తెల్లారకముందే లేస్తున్నరు. నిద్రపోయే సమయం ఐదున్నర గంటల పైనుంచి ఏడు గంటల దాకా ఉంది. మరి తేడా ఎక్కడ? నిద్ర పట్టక మంచం మీద దొర్లేటోళ్లు అక్కడ చాలా తక్కువ. సాన్, చిమానే భాషల్లో "నిద్రలేమి" అనే జబ్బుకు పేరే లేదు. గంటలు మరీ ఎక్కువ లేకున్నా వేళ తప్పడం లేదు, పండుకున్నప్పుడు భయం లేదు.

యూరప్ సంగతి ఇంకో తీరు. రోజర్ ఎకిర్చ్ అనే అమెరికా చరిత్రకారుడు పాత కోర్టు కాగితాలు, డైరీలు వెతికి, కారఖానాలు రాకముందు అక్కడి జనం రాత్రి రెండు విడతలుగా పండుకునేటోళ్లని రాసిండు. మొదటి నిద్ర, మధ్యలో ఒక మెలకువ, మళ్లా రెండో నిద్ర. అంటే అన్ని కాలాలకు, అన్ని జాతులకు ఒకే నిద్ర అని లేదు. పని మారితే, బతుకు మారితే నిద్ర కూడా మారుతది. అందుకే దానికి చరిత్ర ఉందంటున్న.

మొదటి దొంగ: వెట్టి

నిజాం కాలంలో వరంగల్ జిల్లా అంటే ఇప్పటి ఖమ్మం, కొత్తగూడెం వైపు కూడా కలిసి ఉండేది. ఖమ్మం జిల్లా విడిపోయింది 1953లో. ఆ పెద్ద జిల్లాలో గోదావరి ఒడ్డున, పాల్వంచ అడవుల్లో 1940లలో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త తిరిగిండు. కొండరెడ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. వెదురు, కలప కాంట్రాక్టర్ల దగ్గర అప్పులపాలై, తమ పోడు తాము చేసుకోలేక, వాళ్ల కూపుల్లో చాకిరీ చేసిన కుటుంబాల సంగతి ఆయన రాతల్లో ఉంది.

మైదానంలోనూ అదే బాధ. పటేల్ పిలిస్తే పోవాలె, జంగ్లాతోళ్లు వస్తే మోయాలె, దొర గడీకి కట్టెలు కొట్టాలె. అప్పు తీర్చేదాకా జీతం ఉండే భాగేలా పద్ధతి ఎంత ముదిరిందంటే, 1936లో నిజాం ప్రభుత్వమే దాన్ని అదుపు చేస్తమని ఒక చట్టం తెచ్చింది. చట్టం కాగితం మీదనే ఉండిపోయింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో.

వెట్టి గురించి మాట్లాడినప్పుడు కూలి గురించి, భూమి గురించి మాట్లాడుకుంటం. నిద్ర గురించి మాట్లాడం. కానీ వెట్టి అంటేనే పనికి వేళ లేకపోవడం. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి పోవాలె. తన చేను కాసుకునే రాత్రి కూడా తనది కాదు. అట్ల రాత్రి చాకిరీ చేసి పగలు చెట్టు కింద కన్నుమూసిన మనిషిని చూసి, పై నుంచి వచ్చినోళ్లు పెట్టిన పేరు ఏంది? "బద్ధకస్తులు." రాత్రి ఏం జరిగిందో చూడలేదు, పగటి కునుకు ఒక్కటే చూసిన్రు.

ఆ మచ్చ మన మనసులో ఎంత లోతుకు దిగిందంటే, ఇయ్యాల మనమే మన నిద్రను చూసి సిగ్గుపడుతున్నం. నాలుగు గంటలే పండుకున్న అని గొప్ప చెప్పుకునుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి.

రెండో దొంగ: సైరన్, గంట

1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టిన్రు. అడవిలో పొద్దుతో నడిచిన మనిషి ఇప్పుడు సైరన్‌తో నడవాలె. గనికి పొద్దు ఉండదు, లోపల ఎప్పుడూ చీకటే. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు. వారం మారితే వేళ మారుతది. భూపాలపల్లి, కొత్తగూడెం, మందమర్రి వైపు మన ఇండ్లల్లో ఇది ఇప్పటికీ నడుస్తున్న చరిత్రే. నాన్న నైట్ షిఫ్టు చేసి వస్తే పిల్లలను "సప్పుడు చేయకున్రి" అని బయటికి తరిమిన ఇండ్లు ఎన్నో.

నైట్ షిఫ్టు ఒంటికి చేసే కీడు చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో దాన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే జాబితాలో చేర్చింది, 2019లో మళ్లా పరిశీలించి అదే మాట చెప్పింది. ఎందుకంటే మన ఒంట్లో ఒక గడియారం ఉంది. అది వెలుతురును చూసి నడుస్తది. ఆ గడియారం కణాల లోపల ఎట్ల పనిచేస్తదో కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చిన్రు. ఇప్పపువ్వు వేళ చూసి లేచిన మన అవ్వలకు ఆ గడియారం పేరు తెలియకున్నా దాని నడక తెలుసు.

మన తరానికి సైరన్ బదులు హాస్టల్ గంట వచ్చింది. ఒక మాట ముందే చెప్పాలె: ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు లేకపోతే మనలో సగం మందిమి ఈ పోస్టు చదివేటోళ్లం కాదు. ఆ మేలు మరువరాదు. కానీ నేను చదివిన హాస్టల్‌లో చదివే గది, పండుకునే గది ఒక్కటే. లైటు రాత్రంతా వెలుగుతనే ఉండేది. బండల మీద చాప, పక్కోడి మోచెయ్యి, నల్లుల బాధ. చీకటితోనే గంట కొట్టేటోళ్లు. పదో తరగతిలో ఉన్నప్పుడు స్టడీ అవర్‌లో కునికితే నిలబెట్టేటోళ్లు. పదమూడు నుంచి పద్దెనిమిదేండ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తరు. మాకు ఆరు దొరికితే పండుగ. నిలబెట్టినోళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు. వాళ్లకూ ఎవరూ చెప్పి ఉండరు.

మూడో దొంగ: జేబులో ఉన్నోడు

మొదటి ఇద్దరు దొంగలు బయటి నుంచి వచ్చిన్రు. మూడోవాణ్ని మనమే కిస్తీలు కట్టి కొనుక్కొచ్చుకున్నం.

అర్జెంటీనాలో తోబా అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్లలో కొన్ని ఊళ్లకు కరెంటు వచ్చింది, కొన్నింటికి రాలేదు. ఒకే జాతి, ఒకే నేల. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో రెండు తీర్ల ఊళ్లనూ పోల్చి చూసిన్రు. కరెంటు ఉన్న ఊళ్లో జనం ఎండాకాలం దాదాపు 40 నిమిషాలు, చలికాలం దాదాపు గంట తక్కువ పండుకుంటున్నరు. ఉత్త బల్బుకే ఇట్లుంటే, ముఖానికి జానెడు దూరంలో వెలిగే ఫోన్ సంగతి చెప్పాల్నా?

కరెంటు వద్దని నేను అనడం లేదు. గుడ్డి దీపం కింద చదివినోళ్లకు బల్బు విలువ తెలుసు. చీకటి పడ్డంక మెదడు మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతది, అది ఒంటికి "ఇగ పండుకునే వేళయింది" అని చెప్పే కబురు. కండ్ల ముందు తెల్లని వెలుతురు ఉంటే ఆ కబురు ఆలస్యమైతది. దాని మీద రీల్స్ చూస్తే మనసు కూడా ఊరుకోదు. పది నిమిషాలని మొదలుపెడితే పన్నెండు దాటుతది.

మేడారం రాత్రులు

"మరి మేడారంలో నాలుగు రోజులు నిద్ర లేకుండా ఉంటం కదా అన్నా?" అని ఎవరన్నా అడుగుతరు. మంచి ప్రశ్నే. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వచ్చే రాత్రి, చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగే సాయంత్రం ఎవరికి నిద్ర పడతది? పట్టొద్దు కూడా. కానీ అది మనం కోరుకున్న మెలకువ. రెండేండ్లకొకసారి, అందరితో కలిసి, తల్లి కోసం. తల్లులు వనంలోకి తిరిగిపోయినంక మనమూ ఇంటికొచ్చి ఒళ్లు మరిచి పండుకుంటం. జాతరకు ముగింపు ఉంది. ఫోన్ జాతరకు ముగింపు లేదు. మేలుకోవడం తప్పు కాదు. ఎవరి కోసం మేలుకున్నం, పోయిన నిద్రను తిరిగి తెచ్చుకున్నమా లేదా అన్నదే లెక్క.

చదువుకు నిద్ర శత్రువు కాదు

పగలు చదివింది రాత్రి గాఢ నిద్రలోనే మెదడులో గట్టిపడుతది. గాఢ నిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ. రెండూ కావాలె. నాలుగు గంటలకే లేస్తే రెండో భాగం సగానికి పైగా పోతది. నాకు పరీక్షలో పేజీ గుర్తొచ్చి జవాబు రాకపోవడంలో ఇదీ ఒక కారణమే అనుకుంట. ఇంకొక లెక్క చూడండి: ఆగకుండా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతదని పరీక్షల్లో తేలింది. రాత్రి ములుగు రోడ్డు మీద బైకులు నడిపేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మంచం తిరిగి తెచ్చుకుందాం

నేను చేసి చూసినవి, డాక్టర్లు చెప్పేవి కలిపి రాస్తున్న.

లేచే వేళ ఒక్కటే పెట్టుకోండి, ఆదివారం కూడా. పండుకునే వేళ దానంతట అదే కుదురుకుంటది. పెద్దోళ్లకు కనీసం ఏడు గంటలు. లేవంగనే బయటికొచ్చి పొద్దు వెలుతురులో కాసేపు నడవండి. ఒంటి గడియారానికి తాళం వేసేది ఆ వెలుతురే.

చాయ్, కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడతది.

ఫోన్‌ను చార్జింగ్ పెట్టే జాగ మంచానికి దూరంగా ఉండాలె. రూంలో నలుగురుంటే నలుగురూ ఒక వేళ అనుకుని లైటు ఆర్పండి. చదవాల్సినోడు టేబుల్ లైటు గోడవైపు తిప్పుకోవాలె. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూసోండి, నిద్ర వచ్చినంక పోయి పండుకోండి. మధ్యాహ్నం ఇరవై, ముప్పై నిమిషాల కునుకు తప్పు కాదు, అది మన తాతల పద్ధతే. సాయంత్రం మాత్రం వద్దు.

దోమతెర కట్టుకోండి. దోమ ద్వారా మలేరియా వస్తదని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అంతకుముందు ఎన్ని తరాలు ఆ జ్వరంతో పోయినయో. ఏజెన్సీ గూడేల్లో మందు పూసిన దోమతెరలు పంచుతరు. వాటిని చేపల వలలుగా, కోళ్లకు కప్పుగా వాడొద్దు. ఇంకో సంగతి: కట్లపాము రాత్రిపూట నేల మీద పండుకున్నోళ్లనే ఎక్కువ కరుస్తది, కరిచిన నొప్పి కూడా తెలియదు. మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే రెండింటి నుంచి కాపాడుతది. పొద్దున లేవంగనే కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే నాటుమందు కోసం ఆగకుండా దవాఖానకు ఉరకండి.

గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉన్నా, నెలల తరబడి నిద్ర పట్టకున్నా, మనసు బాగలేక నిద్ర పోయినా డాక్టర్ దగ్గరికి పోవాలె. సిగ్గుపడొద్దు.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఒక్కరే మారితే సరిపోదు. మెనూ గురించి అడిగినట్టే నిద్ర గురించి కూడా అడగండి: పండుకునే గది వేరే, మంచాలు, దోమతెరలు, రాత్రి లైటు ఆర్పే వేళ. ఇవి కోరికలు కావు, చదువులో భాగం.

ఈసారి ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడగండి: "మీరు చిన్నగున్నప్పుడు రాత్రి ఎట్ల పండుకునేటోళ్లు? ఎవరు లేపేటోళ్లు?" వాళ్లు చెప్పింది రాసిపెట్టుకోండి. మన చరిత్ర పోరాటాల్లోనే కాదు, ఇసొంటి మాటల్లో కూడా ఉంది.

మా తాత ప్రశ్నకు నేను ఇప్పుడు జవాబు చెప్పగలను. ఇన్నాళ్లు ఎవరి చేనో కాసిన తాతా. ఇప్పుడు నా చేను కాసుకుంటున్న, వంతులేసుకుని.

రాత్రి పది దాటితే ఫోన్ పక్కన పెట్టండి. ముసలమ్మ మంచం ఇంకా ఆకాశంలోనే ఉంది, దొంగల చేతికి చిక్కలేదు. ఒకసారి బయటికొచ్చి చూసి, పోయి పండుకోండి.

జోహార్.